రాజు వైపు దాడిని విప్పి చూడటం ఎలా: అరోనియన్–ఆనంద్ ఆటతో ఒక సాధన

గొప్ప ఆటగాళ్ల ఆటలు చూడమని చెస్ నేర్పే ప్రతివాళ్లూ చెబుతారు. ఎలా చూడాలో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఫోన్‌లో ఆట తెరిచి, పక్కన ఇంజన్ (ఎత్తులు లెక్కగట్టి చెప్పే చెస్ ప్రోగ్రామ్) పెట్టుకుని, బాణం గుర్తు నొక్కుకుంటూ రెండు నిమిషాల్లో చివరికి వెళ్లిపోతే కళ్లకు పండగే కానీ చేతికి ఏమీ రాదు. మర్నాడు మన బోర్డు మీద అలాంటి పొజిషనే వచ్చినా గుర్తుపట్టలేం.

రాజు వైపు దాడితో గెలిచిన ఆటల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. బిషప్‌ని, గుర్రాన్ని, ఏనుగుని వరసగా బలి ఇస్తుంటే మన చూపంతా ఆ బలుల మీదే ఉంటుంది. నేను కూడా చాలా ఏళ్లు అలాగే చూశాను. ఒకసారి ఒక చిన్న టోర్నమెంట్‌లో, పుస్తకంలో చూసిన ధైర్యంతో హెచ్7 మీద బిషప్‌ని బలి ఇచ్చాను. నాలుగు ఎత్తుల తర్వాత దాడికి నా దగ్గర పావులే మిగల్లేదు. బలి ఎలా ఇవ్వాలో నేర్చుకున్నాను గానీ, ఎప్పుడు ఇవ్వచ్చో నేర్చుకోలేదన్నమాట. ఆ తర్వాతే ఆటను విప్పి చూసే పద్ధతి మార్చుకున్నాను. ఆ పద్ధతినే ఒకే ఒక్క ఆట మీద మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ చూపిస్తాను.

ఆట ఏది

2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో టాటా స్టీల్ టోర్నమెంట్ జరిగింది. తెల్ల పావులతో అర్మేనియాకు చెందిన లెవాన్ అరోనియన్. అప్పటికి ఆయన రేటింగ్ 2800 దాటింది. నల్ల పావులతో విశ్వనాథన్ ఆనంద్, అప్పటి ప్రపంచ చాంపియన్. ఆట 23 ఎత్తుల్లో ముగిసింది, నలుపు గెలిచింది. మన గుంటూరు ఆటగాడు పెంటేల హరికృష్ణ కూడా ఆ ఏడాది అదే గ్రూపులో ఆడాడు. అంతకుముందు ఏడాది అక్కడే బి గ్రూపు గెలిచి ఆ చోటు సంపాదించుకున్నాడు.

ఈ ఆటనే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇందులో ముందు దాడికి దిగింది తెలుపు. గెలిచిన దాడి నలుపుది. ఒకరి దాడి ఇంకొకరి దాడికి దారి ఎలా ఇస్తుందో ఇంత చిన్న ఆటలో ఇంత స్పష్టంగా కనిపించడం అరుదు.

మొదటి మెట్టు: బోర్డు, పెన్సిల్, కాగితం

నిజమైన బోర్డు తీయండి. అట్ట బోర్డు, ప్లాస్టిక్ పావులు అయినా చాలు. పావును చేత్తో ఎత్తి గడిలో పెట్టినప్పుడు అది ఎక్కడి నుంచి వెళ్లిపోయిందో కూడా మీ కంటికి తెలుస్తుంది. ఈ ఆటకు అదే ముఖ్యం, ఎందుకో కాసేపట్లో చెబుతాను. ఇంజన్ ఆపేయండి. ఫోన్ పక్క గదిలో ఉంటే ఇంకా మంచిది.

ఎత్తుల వరస ఇది. మొదటిది తెలుపు ఎత్తు, రెండోది నలుపుది. × గుర్తు ఉంటే కొట్టినట్టు. గడి పేరు ఒక్కటే ఉంటే అది బంటు ఎత్తు. బిషప్‌ని కొందరు ఒంటె అంటారు, కొందరు శకటు అంటారు. గందరగోళం లేకుండా బిషప్ అనే రాస్తున్నాను.

1. డి4, డి5
2. సి4, సి6
3. గుర్రం ఎఫ్3, గుర్రం ఎఫ్6
4. గుర్రం సి3, ఇ6
5. ఇ3, బి8 గుర్రం డి7
6. బిషప్ డి3, డి బంటు × సి4
7. బిషప్ × సి4, బి5
8. బిషప్ డి3, బిషప్ డి6
9. ఇద్దరూ రాజు వైపు క్యాస్లింగ్
10. మంత్రి సి2, బిషప్ బి7
11. ఎ3, ఏనుగు సి8
12. గుర్రం జి5, సి5
13. గుర్రం × హెచ్7, గుర్రం జి4
14. ఎఫ్4, సి బంటు × డి4
15. ఇ బంటు × డి4, బిషప్ సి5
16. బిషప్ ఇ2, డి7 గుర్రం ఇ5
17. బిషప్ × జి4, బిషప్ × డి4 చెక్
18. రాజు హెచ్1, గుర్రం × జి4
19. గుర్రం × ఎఫ్8, ఎఫ్5
20. గుర్రం జి6, మంత్రి ఎఫ్6
21. హెచ్3, మంత్రి × జి6
22. మంత్రి ఇ2, మంత్రి హెచ్5
23. మంత్రి డి3, బిషప్ ఇ3. తెలుపు ఓటమి ఒప్పుకుంది.

ముందు ఆటంతా ఒకసారి ఆగకుండా ఆడేయండి. రెండోసారి ఆడుతూ, మీకు ఆశ్చర్యం కలిగిన ప్రతి ఎత్తు పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టండి. అర్థం కానిదాన్ని అర్థమైనట్టు వదిలేయకండి. ఆ చుక్కలే మీ పాఠ్యప్రణాళిక. నాకు మొదటిసారి ఆరు చుక్కలు పడ్డాయి: 12, 13, 15, 16, 19, 23, అన్నీ నలుపు ఎత్తులే.

రెండో మెట్టు: ఓపెనింగ్ దగ్గర ఎక్కువసేపు కూర్చోవద్దు

ఆట మొదలుపెట్టిన ఈ పద్ధతి పేరు సెమీ స్లావ్, అందులో మెరాన్ అనే శాఖ. నలుపు సి4 దగ్గర బంటును కొట్టి, బి5 తోసి బిషప్‌ని వెనక్కి తరిమి, తన తెల్లగడుల బిషప్‌ని బి7లో పెడుతుంది. ఈ శాఖలో నలుపు కల ఒక్కటే: ఎప్పటికైనా సి5 తోయాలి. సి6లో బంటు ఉన్నంతకాలం బి7 బిషప్ గోడకు ఎదురుగా కూర్చున్నట్టే. ఆ బంటు కదిలిన రోజున బి7 నుంచి జి2 దాకా ఐమూల గీత మొత్తం తెరుచుకుంటుంది.

ఇంకో విషయం గమనించండి. 11వ ఎత్తులో నలుపు ఏనుగు సి8కి వచ్చి, తెల్ల మంత్రి ఉన్న నిలువు వరసలోనే నిలబడింది. మధ్యలో బంటు, గుర్రం ఉన్నాయి కాబట్టి ఇప్పటికి ప్రమాదమేమీ లేదు. అయినా కాగితం మీద రాసుకోండి.

ఈ ఆటలో నలుపు తొలి భాగంలో కొంత ఆనంద్ ఇంటి దగ్గర ముందే సిద్ధం చేసుకున్నదే. దానివల్ల ఆట విలువ తగ్గదు. మనం నేర్చుకోవాల్సింది ఆ ఆలోచన ఎందుకు పనిచేసిందన్నది.

మూడో మెట్టు: వెళ్లిపోయిన పావు ఏం కాపలా కాసేదో రాయండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సిన మెట్టు ఇదే. 12వ ఎత్తులో తెలుపు గుర్రం ఎఫ్3 నుంచి జి5కి వెళ్లాక బోర్డును అక్కడ ఆపండి.

మామూలుగా ఎవరైనా ముందు చూసేది ఆ గుర్రం ఎక్కడికి వచ్చిందని. హెచ్7 మీద దాడి చేస్తోంది. దాడి చేసేవాళ్లను లెక్క పెట్టండి: జి5 గుర్రం, డి3 బిషప్, దాని వెనక సి2 మంత్రి. ముగ్గురు. కాపలా వాళ్లు: ఎఫ్6 గుర్రం, రాజు. ఇద్దరు. ఈ లెక్క చూస్తే దాడి తెలుపుదే అనిపిస్తుంది. మన స్థాయి ఆటల్లో నూటికి తొంభై మంది ఇక్కడ నలుపు తరఫున హెచ్6 తోసి ఊపిరి పీల్చుకుంటారు.

ఇప్పుడు వేలు తీసుకెళ్లి ఖాళీ అయిన ఎఫ్3 గడి మీద పెట్టండి. అక్కడున్నప్పుడు ఆ గుర్రం ఏ గళ్లను కాపలా కాసేది? ఒక్కొక్కటీ రాయండి.

హెచ్2: రాజు ముందున్న బంటు. హెచ్4: నల్ల మంత్రి దాడికి దిగే మెట్టు. డి4: సెంటర్ బంటు. ఇ5: నల్ల గుర్రం ఎక్కి కూర్చునే గడి. అన్నిటికీ మించి, ఆ గుర్రమే ఎఫ్3లో గోడలా నిలబడి బి7 నుంచి జి2కి వెళ్లే ఐమూల గీతను మూసి ఉంచేది.

ఇప్పుడు మిగతా ఆటను ఈ జాబితా పక్కన పెట్టి చూడండి. నలుపు 13వ ఎత్తులో బెదిరించేది హెచ్2నే. మంత్రి దిగాలని చూసేది హెచ్4లోనే. 16వ ఎత్తులో గుర్రం ఎక్కేది ఇ5లోనే. 17వ ఎత్తులో బిషప్ కొట్టేది డి4నే. చివర్లో ఆట ముగిసేది బి7–జి2 గీత మీదే. ఐదుకు ఐదూ! మొదటిసారి ఈ జాబితా రాసినప్పుడు నేను కాసేపు బోర్డు వైపు అలాగే చూస్తూ కూర్చున్నాను. అన్ని దెబ్బలూ ఒకే ఒక్క గుర్రం ఖాళీ చేసిన చోట్లే పడ్డాయి.

అందుకే నా మాట ఇది: రాజు వైపు దాడిని విప్పి చూడాలంటే బలి ఇచ్చిన ఎత్తు దగ్గర మొదలుపెట్టకండి. రాజు పక్కనున్న కాపలా పావు ఏ ఎత్తులో పక్కకు వెళ్లిందో వెతకండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి. ఆనంద్ హెచ్7ను కాపాడుకోకుండా 12లో సి5 తోశాడు. ఎఫ్3 గుర్రం ఒక గోడ తీసేసింది, సి6 బంటు రెండో గోడ తీసేసింది. బి7 బిషప్ ముందు ఇక దారి తెరిచే ఉంది.

నాలుగో మెట్టు: చుక్క పెట్టిన ఎత్తుల దగ్గర ఆగి, ముందు మీరే ఆడండి

ఎత్తుల వరసను ఒక కాగితంతో కప్పండి. ప్రతి చుక్క దగ్గర పది నిమిషాలు ఆలోచించి, మీరైతే ఏం ఆడతారో రాయండి. కనీసం రెండు ఎత్తులు రాయాలి, వాటికి ఎదుటివాళ్ల జవాబూ రాయాలి. తప్పయినా పర్వాలేదు. రాయకుండా చూస్తే మాత్రం ‘నేనూ అదే అనుకున్నాను’ అని మనసు మనకే అబద్ధం చెబుతుంది.

*13వ ఎత్తు, గుర్రం జి4.* తెల్ల గుర్రం హెచ్7 బంటును తినేసి ఎఫ్8 ఏనుగు మీద, ఎఫ్6 గుర్రం మీద ఒకేసారి కూర్చుంది. గుర్రంతో దాన్ని కొడితే బిషప్ చెక్‌తో తిరిగి కొడుతుంది. తెలుపుకు ఒక బంటు లాభం, నల్ల రాజు ముందు గోడ పోతుంది. ఆనంద్ దాన్ని ముట్టుకోలేదు. ఏనుగు పోతే పోనీ అని గుర్రాన్ని జి4కి దూకించాడు.

తెలుపు ఆశపడి 14లో గుర్రంతో ఎఫ్8 ఏనుగును కొడితే ఏమవుతుందో బోర్డు మీద ఆడండి. నల్ల బిషప్ హెచ్2ను చెక్‌తో కొడుతుంది. రాజు హెచ్1కి వెళ్లాలి. మంత్రి హెచ్4కి దిగుతుంది. ఇప్పుడు తెలుపు జి3 తోసి మంత్రిని అడ్డుకోగలదా? తోయలేదు. జి2 బంటు వెనక హెచ్1లో రాజు ఉన్నాడు, ముందు బి7 నుంచి బిషప్ చూస్తోంది, బంటు కదిలితే రాజుకు చెక్ తగులుతుంది. ఆ బంటు పిన్‌లో ఉంది. నలుపు తర్వాతి ఎత్తులో బిషప్‌ని జి3కి జరిపితే హెచ్ వరసలో మంత్రి చెక్ తగులుతుంది, రాజు జి1, మంత్రి హెచ్2, మేట్. తెలుపు ముందే ఎఫ్1 ఏనుగును తప్పించి రాజుకు పరుగెత్తే దారి ఇస్తే ఎలా సాగుతుందో మీరే ఆడి చూడండి. రాజు ఎంత దూరం వెళ్లగలడో తెలుసుకోవడం మంచి కసరత్తు.

‘జి2 బంటు కదల్లేదు’ అని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి. దీనితో ఇంకా పని ఉంది.

*14లో ఎఫ్4 ఎందుకు?* డి6 నుంచి హెచ్2కి వెళ్లే గీతను మూయడానికి. సరైన ఆలోచనే. కానీ బంటు ముందుకు వెళితే వెనక గడి ఖాళీ అవుతుంది. ఎఫ్2 ఖాళీ అయింది. తర్వాతి ఎత్తులో బంట్లు మారాక ఇ3 కూడా ఖాళీ అయింది. ఇప్పుడు జి1లో ఉన్న రాజు నుంచి ఐమూలగా వెనక్కి చూడండి: ఎఫ్2, ఇ3 ఖాళీ. డి4లో ఒక్క బంటు. దాని వెనక సి5. దాడి ఆటల్లో ఇది పదేపదే జరుగుతుంది, అందుకే అడ్డు పెట్టిన ప్రతి బంటు దగ్గరా ‘ఇది ఏ గీత మూసింది, ఏ గీత తెరిచింది’ అని రెండూ రాయాలి.

*15వ ఎత్తు, బిషప్ సి5.* మూసేసిన గీత మీదున్న బిషప్ తెరుచుకున్న గీత మీదికి జరిగింది. డి4 బంటు దాన్ని కొట్టచ్చు. కొడితే? నల్ల గుర్రం సి5లో తిరిగి కొడుతుంది. డి వరస మొత్తం తెరుచుకుంటుంది, డి8లో నల్ల మంత్రి ఉంది, డి4లో చెక్ కాచుకుని ఉంది, డి3 బిషప్ మీద దాడి కూడా ఉంది. తెలుపు ఎఫ్8 ఏనుగును తింటే నలుపు డి3 బిషప్‌ని గుర్రంతో తింటుంది. ఆ గుర్రాన్ని తెల్ల మంత్రి కొడితే డి8 నుంచి నల్ల మంత్రి దిగి తెల్ల మంత్రినే తీసేస్తుంది.

బిషప్‌ని వదిలి వెంటనే ఎఫ్8 ఏనుగును తింటే ఇంకా త్వరగా అయిపోతుంది. బిషప్ డి4ను చెక్‌తో కొడుతుంది, రాజు హెచ్1, మంత్రి హెచ్4. తెలుపు హెచ్3 తోస్తే మంత్రి జి3కి వెళ్లి హెచ్2లో మేట్ బెదిరిస్తుంది. జి4 గుర్రాన్ని హెచ్ బంటుతో కొడితే మంత్రి మళ్లీ హెచ్4కి వస్తుంది, మేట్. జి1ని డి4 బిషప్ కాస్తోంది. ఇక్కడ కూడా జి2 బంటు కదల్లేదు.

*16వ ఎత్తు, గుర్రం ఇ5.* ఇక్కడ ఆగి నల్ల పావుల్లో ఎన్ని కొట్టడానికి సిద్ధంగా ఉన్నాయో లెక్క పెట్టండి. ఎఫ్8 ఏనుగు, సి5 బిషప్, జి4 గుర్రం, ఇప్పుడు ఇ5 గుర్రం. నాలుగు! అయినా అరోనియన్ లాంటి ఆటగాడు వాటిలో దేన్నీ హాయిగా తినలేకపోయాడు.

ఇ5 గుర్రాన్ని డి4 బంటుతో కొట్టలేరు. బంటు తప్పుకుంటే సి5 బిషప్ చెక్ రాజుకు తగులుతుంది, ఆ బంటు పిన్‌లో ఉంది. ఎఫ్4 బంటుతో కొట్టచ్చు. అప్పుడు మంత్రి డి4ను చెక్‌తో కొడుతుంది. రాజు హెచ్1. మంత్రి జి1లో చెక్! సి5 బిషప్ అండ ఉంది కాబట్టి రాజు దాన్ని కొట్టలేడు, ఏనుగుతోనే కొట్టాలి. కొట్టగానే జి4 గుర్రం ఎఫ్2కి దూకుతుంది. తన ఏనుగు, తన బంట్ల మధ్యే ఇరుక్కుని రాజు మేట్ అవుతాడు. సి2లో ఉన్న తెల్ల మంత్రి ఎఫ్2ను కాపాడచ్చు కదా అంటారా? మధ్యలో ఇ2లో తెల్ల బిషప్ అడ్డుంది. ఒక ఎత్తు ముందు వెనక్కి వచ్చిన బిషపే. ఊపిరాడని మేట్‌లు పజిల్ పుస్తకాల్లో బోలెడు చూస్తాం. ప్రపంచ చాంపియన్ ఆటలో, ప్రతి పావూ సహజంగా నడిచి వచ్చిన పొజిషన్‌లో అది దాగి ఉండటం నాకు ఈ రోజుకీ ఒళ్లు పులకరించే విషయం.

ఐదో మెట్టు: చప్పుడు లేని ఎత్తును వదిలేయకండి

బలులు అయిపోయాక చాలామంది ఇక గెలుపే కదా అని వేగం పెంచుతారు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఎక్కువ నేర్పింది 19వ ఎత్తు, ఒక మామూలు బంటు ఎత్తు: ఎఫ్5.

పొజిషన్ పెట్టండి. తెలుపు ఏనుగును తినేసింది. నలుపు మంత్రి హెచ్4కి దిగితే హెచ్2లో మేట్ బెదిరింపు. మరి వెంటనే దిగచ్చు కదా? దిగి చూడండి. తెలుపు మంత్రి సి2 నుంచి నేరుగా హెచ్7కి వెళ్లి చెక్ ఇస్తుంది. మంత్రిని మంత్రితో మార్చుకోక తప్పదు. దాడి ఆవిరైపోతుంది, తెలుపుకు పావుల లాభం మిగులుతుంది. ఎఫ్5 ఆ గీతకు తలుపు మూసేసింది. సి2 నుంచి హెచ్7 దాకా దారి లేదు. పైగా ఆ బంటు జి4 గుర్రానికి అండ కూడా ఇచ్చింది. ఇక మంత్రి హెచ్4 నిజమైన బెదిరింపు అయింది.

మీ కాగితం మీద ‘ఎదుటివాళ్లకు ఉన్న ఒకే ఒక్క మంచి చెక్ ఏది?’ అని ఒక ప్రశ్న పెట్టుకోండి. దాడిలో ఉన్నప్పుడు టెన్షన్‌లో మనం మరిచిపోయేది దీన్నే. పైన చెప్పిన నా ఓటమిలో కూడా ఇలాంటి ఒక్క చెక్‌నే చూడలేదు.

తర్వాత తెలుపు గుర్రం హెచ్4ను కాపలా కాయడానికి జి6కి వచ్చింది. నల్ల మంత్రి ఎఫ్6 నుంచి దాన్ని తిన్నది. 21లో తెలుపు హెచ్3 తోసింది కాబట్టి, ఇప్పుడు జి4 గుర్రాన్ని కొట్టచ్చు కదా అనిపిస్తుంది. కొడితే మంత్రి హెచ్6లో చెక్, అదే మేట్. హెచ్5లో చెక్ ఇస్తే జి4 బంటు మంత్రిని తినేస్తుంది. ఒక్క గడి తేడా. ఇలాంటివి కళ్లతో కాక చేత్తో ఆడి చూస్తేనే గుర్తుంటాయి.

ఆరో మెట్టు: చివరి పొజిషన్ ముందు కూర్చోండి

అరోనియన్ ఎందుకు ఓటమి ఒప్పుకున్నాడు? నలుపుకు ఒక బిషప్ ఉన్నచోట తెలుపుకు ఒక ఏనుగు ఉంది, అంటే లెక్క ప్రకారం తెలుపే ముందుంది. దీనికి జవాబు మీ మాటల్లో రాయగలిగితే ఆట అర్థమైనట్టు.

చివరి ఎత్తుకు ముందు నల్ల మంత్రి హెచ్5లో ఉంది. హెచ్3ను కొడితే మేట్ అని బెదిరిస్తోంది. అందుకే తెల్ల మంత్రి డి3కి వచ్చింది. అక్కడి నుంచి మూడో అడ్డ వరస వెంట హెచ్3ను కాపాడుతుంది, డి4 బిషప్ మీదా కన్నేసింది. ఆనంద్ ఆ బిషప్‌నే తీసి ఇ3లో పెట్టాడు. డి3కి, హెచ్3కి మధ్య అడ్డంగా. మంత్రి చూపు తెగిపోయింది. జి1 మీద కాపలా మాత్రం అలాగే ఉంది.

సి1 బిషప్ దాన్ని తినచ్చు. అప్పుడు ఇ3లో అడ్డు తెల్ల బిషపే. మంత్రి హెచ్3 కొట్టి చెక్, రాజు జి1, మంత్రి హెచ్2 మేట్. జి బంటు హెచ్3లో మంత్రిని కొట్టదా? బి7 బిషప్ ఇంకా అక్కడే ఉంది, ఆ బంటు ఇంకా పిన్‌లోనే ఉంది. హెచ్3 బంటు జి4 గుర్రాన్ని కొట్టదా? హెచ్5 మంత్రి ఎదురుగా అదీ పిన్‌లోనే ఉంది. రాజు ముందు రెండు బంట్లు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి, రెండూ కదల్లేవు. బోర్డు మీదికి వంగి ఆ మూలను దగ్గర నుంచి చూడండి: హెచ్1లో రాజు, జి2లో, హెచ్3లో బంట్లు, ఎఫ్1లో ఏనుగు. అన్నీ తెల్ల పావులే. వాటిలో ఒక్కటీ రాజును కాపాడలేదు.

ఇప్పుడు ఇంకో లెక్క వేయండి. ఏ పావు ఎన్నిసార్లు కదిలింది? తెలుపు ఎఫ్3 గుర్రం ఐదుసార్లు కదిలింది, ఒక బంటును, ఒక ఏనుగును తిని చివరికి చచ్చిపోయింది. అదే సమయంలో సి1 బిషప్, ఎ1 ఏనుగు ఆట మొత్తంలో ఒక్క ఎత్తూ కదల్లేదు. నలుపు వైపు ఇ3లో ఆట ముగించిన బిషప్ నాలుగుసార్లు కదిలింది, ప్రతిసారీ ఒక కొత్త గీత మీదికి. బి7 బిషప్ ఒక్కసారే కదిలింది, 10వ ఎత్తులో. ఆ తర్వాత వేలు కూడా తగలకుండానే ఆట గెలిపించింది.

ఓడినవాళ్ల తప్పు ఎక్కడ మొదలైందో మీ తీర్పు రాయండి. నా ఉద్దేశంలో 12వ ఎత్తులోనే, సగం సైన్యం ఇంకా ఇంట్లోనే ఉండగా రాజు కాపలాదారుణ్ణి యుద్ధానికి పంపడంలో. మీరు వేరే చోట చూపించచ్చు. కానీ కారణం ఒక వాక్యంలో చెప్పగలగాలి.

ఏడో మెట్టు: ఇప్పుడు ఇంజన్

మీ కాగితం నిండాకే ఇంజన్ తెరవండి. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఒక స్టడీ తెరిచి ఆట ఎక్కించి, మీరు రాసిన ఉపశాఖలన్నీ ముందు మీ చేత్తో అందులో పెట్టండి. ఆ తర్వాత అక్కడి స్టాక్‌ఫిష్ ఇంజన్‌ని ఆన్ చేసి మూడు శాఖలు కనిపించేలా పెట్టుకోండి.

అది ఇచ్చే అంకె చూసి సంతోషపడటం, బాధపడటం వద్దు. ఇంజన్‌ని అడగాల్సింది రెండే ప్రశ్నలు. నేను మేట్ అనుకున్న చోట తెలుపుకు తప్పించుకునే దారి ఉందా? నేను బాగుందనుకున్న ఎత్తుకు అది ఏ జవాబుతో అభ్యంతరం చెబుతోంది? తేడా వచ్చిన ప్రతిచోటా ఎరుపు ఇంకుతో ఒక వాక్యం రాయండి. ‘ఇంజన్ ప్రకారం తప్పు’ అని రాస్తే చాలదు. ‘హెచ్7లో చెక్ చూడలేదు’ అన్నట్టు రాయాలి. నెల తర్వాత ఆ ఎరుపు వాక్యాలు వరసగా చదివితే, మీరు మళ్లీ మళ్లీ ఏది చూడటం లేదో తెలిసిపోతుంది.

ఎనిమిదో మెట్టు: పాత చుట్టాన్ని వెతకండి

ఇలాంటి దాడులకు ముందుతరాలు ఉంటాయి. ఈ ఆటకు దగ్గరి చుట్టం 1907లో పోలండ్‌లోని వూచ్ నగరంలో జరిగిన రోట్లెవీ–రూబిన్‌స్టైన్ ఆట. అందులోనూ గెలిచింది నలుపే. రెండు బిషప్‌లు పక్కపక్క ఐమూల గీతల మీద రాజును చూస్తుంటాయి, గుర్రం జి4లో ఉంటుంది, మంత్రి హెచ్4కి దిగుతుంది, సి8 ఏనుగు సి3లోకి దూకుతుంది. ఆ ఆట 25 ఎత్తులు. ఈ రెండు ఆటలనీ ఒకే సాయంత్రం పక్కపక్కన రెండు బోర్డుల మీద పెట్టి చూడండి. పావులు ఏ గళ్లలో కలిశాయో, ఎక్కడ విడిపోయాయో రాయండి. నూటఆరేళ్ల దూరంలో ఉన్న ఇద్దరు ఆటగాళ్లు ఒకే గళ్ల మీద ఎందుకు కలిశారో తెలుసుకున్నాక, ఆ ఆకారం మీ చేతికి అలవాటవుతుంది.

అలవాటైందో లేదో తేల్చుకోవడానికి ఒక పొజిషన్ ఇస్తాను. 13వ ఎత్తులో నల్ల గుర్రం జి4కి వచ్చాక ఆపండి. తెలుపు ఎఫ్4 ఆడకుండా హెచ్3 తోసిందనుకోండి. గడియారంలో చెరో పదిహేను నిమిషాలు పెట్టి, స్నేహితుడితో గానీ ఇంట్లో పిల్లలతో గానీ ఒకసారి నలుపు తరఫున, ఒకసారి తెలుపు తరఫున ఆడండి. జి2 బంటు పిన్‌లో పడేది రాజు హెచ్1లో ఉన్నప్పుడే అన్న సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. రెండు ఆటలూ అయ్యాకే ఇంజన్ తెరవండి.